ఎన్‌డోలే సూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం: ఆకును చేదు పోవునట్లు కడిగి, మాంసముతో ఉడికించి, పల్లీ ముద్ద చేర్చి, రొయ్యలు పైన వేసి, కుటుంబమంతయు ఆరగించవలెను.

అవతారిక: కామెరూన్ తీరాన, వూరి నది ఒడ్డున డౌవాలా నగరం. ఎన్‌డోలే ఆ తీరపు సావా ప్రజల ఇంటి కూర. ఇప్పుడు దేశమంతా తనదేనంటుంది. ఈ కూరను లోకానికి ఉపదేశించే మహానుభావులందరిదీ ఒకటే బాణీ. అమ్మమ్మ చేతి మహిమకు ఒక పేరా, తరతరాల సంప్రదాయానికి ఒక పేరా, మాతృభూమి పరిమళానికి ఇంకో పేరా. ఆకు కడగడానికి మాత్రం మూడు మాటలు. ఆ మూడు మాటల కోసమే ఈ వ్యాఖ్య.

మన మెదకు సీమ కొలిచెలమకు చెందిన మల్లినాథ సూరి, ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ పట్టి కాళిదాసుకు వ్యాఖ్యానం రాశాడు. అందులో మొదటి సగానికి మేమూ కట్టుబడి ఉన్నాం.

టీక: మాంసము, రొయ్యలు స్పష్టములు. పల్లీ ముద్ద కూడా స్పష్టమే గాని, వేయించిన పల్లీలతో చేసేవారున్నారు గనుక ఒక్క మాట: పచ్చి పల్లీలను ఉడికించి, పొట్టు తీసి, తెల్లగా రుబ్బవలెను. ఇక ‘ఆకును’ అన్నచోట ఆగుదాం.

ఈ ఆకు వెర్నోనియా అమిగ్డలినా. మన పొలం గట్ల మీద ఊదా పూలు పూసే సహదేవి, పసరు వైద్యుల అడవి జీలకర్ర కూడా ఒకప్పుడు ఈ వెర్నోనియా ఇంటిపేరువే. తర్వాత శాస్త్రజ్ఞులు అన్నదమ్ములను విడదీసి, తలా ఒక ఇంటిపేరు పెట్టారు. ఈ చేదాకుకూ జిమ్నాంథెమమ్ అని కొత్త పేరు వచ్చింది. పేరు మారినా చేదు ఒక వీసం తగ్గలేదు.

ఈ ఆకు ఆహారమా, ఔషధమా అని సందేహం. దీనికి ప్రమాణం టాంజానియాలోని మహాలే కొండల్లో దొరికింది. 1987లో మైఖేల్ హఫ్‌మన్ అనే పరిశోధకుడు, టోంగ్వే తెగకు చెందిన మొహమెది సెయిఫు కలిసి ఒక జబ్బు చేసిన ఆడ చింపాంజీని గమనించారు. నీరసంగా పడి ఉన్న ఆ జీవి లేచి, ఈ చెట్టు కొమ్మ విరిచి, ఆకు పారేసి, బెరడు ఒలిచి, లోపలి బెండును నమిలి రసం మింగింది. మర్నాటికి తేరుకుంది. కడుపునొప్పికీ నులిపురుగులకూ టోంగ్వే ప్రజలు వాడే మందూ ఈ చెట్టే. 1989లో ఆ ఇద్దరూ ఈ సంగతి ప్రకటించారు. ఆకులోనూ బెరడులోనూ వెర్నోడాలిన్ అనే ఘాటైన విషపదార్థం ఉందనీ, నమిలే బెండులో అది బహు స్వల్పమనీ తర్వాత తేలింది. అంటే చింపాంజీ పారేసిన భాగాన్నే ఏరుకుని, పిండి పిండి, మనిషి పండుగ వంట చేసుకున్నాడు. వానరానికి మందు, నరునికి విందు. ఇది గర్వించదగినదో కాదో నిర్ణయించడం వ్యాఖ్యాత పని కాదు. చింపాంజీకి మాత్రం కడగవలసిన అవసరం రాలేదు. ఆ మాటతోనే మళ్లీ మూలంలోకి.

‘చేదు పోవునట్లు’: ఇక్కడ పూర్వపక్షి లేచి, చేదంతా పోయాక ఈ ఆకే ఎందుకు, పాలకూర చాలదా అంటాడు. పరదేశంలో ఈ ఆకు దొరకని కామెరూనీయులు పాలకూరతోనే సరిపెట్టుకుంటున్నారు కూడా. సిద్ధాంతి జవాబు: కాకరకాయకు ఉప్పు రాసి పిండే ఇల్లాలిని అడుగు, ఎంత పోవాలో ఎంత ఉండాలో చెబుతుంది. ఆ కొలత ఏ పుస్తకంలోనూ ఉండదు. నాలిక మీద వేసుకుని చూడవలసిందే. చూసిన ప్రతిసారీ మొహం చిట్లించవలసిందే.

‘కడిగి’: ఇదీ అసలు చిక్కు. ఈనెల నుంచి ఆకు దూసి, తరిగి, కన్వా అనే క్షారపు ఉప్పు వేసి ఉడికిస్తే పచ్చటి నురగ గిన్నె అంచు దాటి పొయ్యి మీదికి పొర్లుతుంది. వార్చి, చన్నీళ్లలో వేసి, రెండు అరచేతుల మధ్య నలిపి పిండాలి. మొదటి నీళ్లు చిక్కటి పసరు. పారబోసి మళ్లీ నీళ్లు, మళ్లీ నలుపు, మళ్లీ పిండుడు. తొట్టెడు ఆకు చివరికి పిడికెడు ముద్దలవుతుంది. నడుము పట్టేస్తుంది. గోళ్ల సందుల్లో చేదు దిగి, ఆ పూట ఆ చేత్తో ఏం తిన్నా చేదే. ఇదంతా ‘కడిగి’ అన్న మూడక్షరాలలో ఇమిడ్చిన సూత్రకారుడు ఎన్నడూ తొట్టి ముందు కూర్చోలేదని మా అనుమానం.

వ్యాకరణ విశేషం: ‘కడిగి’ క్త్వార్థకం. క్త్వార్థకానికీ సమాపక క్రియకూ కర్త ఒక్కరే కావాలి. ఆరగించేది కుటుంబమంతా గనుక కడిగేదీ కుటుంబమంతా అని శాస్త్రం తేల్చేసింది. అయితే ‘వాన కురిసి చెరువు నిండింది’ వంటి చోట కర్తలు వేరైనా చెల్లుతుంది. ప్రపంచంలోని గృహస్థులందరూ వ్యాకరణంలో కంఠస్థం చేసింది ఈ ఒక్క మినహాయింపునే. ఆవిడ కడిగి, ఆయన ఆరగించి, దానికి కుటుంబ సంప్రదాయమని పేరు పెట్టి, ఆపైన అమ్మమ్మ చేతి మహిమ మీద ఒక పేరా రాస్తారు. ఆ చేతులు పట్టుకుని ఎవరైనా చూశారా?

తాత్పర్యం: డౌవాలా అంగళ్లలో ఆకును ముందే కడిగి, పిండి, ముద్దలు కట్టి అమ్ముతారు. కొనవచ్చును. దోషం లేదు. ఎండు రొయ్యల పొడి వేసి, పల్లీ ముద్ద అడుగంటకుండా కలిపి, ఆకులో చుట్టి ఉడికించిన కర్రపెండలపు మియోండోలతో వడ్డించవచ్చును. అంగడి ఆకుతో సంప్రదాయం చెడిందని నిట్టూర్చేవారు కొందరుంటారు. వారికి పెరట్లో పీట వేయవలెను. తొట్టి, బుట్టెడు పచ్చి ఆకు ముందుంచవలెను. నీళ్లు వారే తోడుకొందురు.