నెత్తిమీద సూర్యుడున్నా చీకట్లో ఉండడం ఎలా?

మార్కాపురం, కంభం, గిద్దలూరు పక్క నీళ్లకు కరువుంది గానీ ఎండకు లేదు. దానికి తోడు 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద మిద్దెమీద రెండు కిలోవాట్ల ప్యానెళ్లు పెట్టుకుంటే 60 వేలు, మూడు పెట్టుకుంటే 78 వేలు రాయితీ. ఇంత మంచి అవకాశాన్ని ఒంటికి చెమట పట్టకుండా పాడుచేసుకోవచ్చు. బద్ధకం ఉంటే చాలు, మిగతాది నేను చెబుతాను.

1. రాయితీ ఖాతాలో పడిన రోజే ప్యానెళ్లు తుడవడం మానెయ్యండి. పలకల క్వారీల దుమ్ము నెల తిరక్కుండా అద్దం మీద పొరలా పేరుకుంటుంది. మనవణ్ణి ఎత్తుకెళ్లి చూపించండి, వేలితో అ ఆలు దిద్దుకుంటాడు. పలక ఖర్చు మిగిలింది! ఎవరైనా కడగమంటే "వానొస్తే అదే కడుక్కుంటుంది" అనండి. మనకు వాన ఎప్పుడొస్తుందో వాళ్లకూ తెలుసు.

2. అంత నున్నటి జాగాను ఊరికే వదలకండి. వడియాలు పెట్టండి, మిరపకాయలు ఎండబెట్టండి, తడి దుప్పటి పరవండి. ఒక మూల నీడ పడినా ఆ వరసంతా కరెంటు పడిపోతుంది. అడిగినవాళ్లకు "చైనా సరుకు" అని చెప్పండి. ఆ మాటకు ఎదురుండదు.

3. ఇక పొలం. ఇక్కడ మనవాళ్లకు నేర్పాల్సింది తక్కువే. 2004 నుంచి సేద్యానికి కరెంటు ఉచితం, కాబట్టి లెక్క చూడకండి. మోటారుకు ఆటోమేటిక్ స్టార్టర్ తగిలించి ఇంట్లో పడుకోండి. కరెంటు రాగానే ఊరి మోటార్లన్నీ ఒక్కసారి లేస్తాయి, ట్రాన్స్‌ఫార్మరు మూలుగుతుంది. కెపాసిటర్ మాత్రం పెట్టకండి. పెడితే వోల్టేజి నిలబడుతుంది, మోటారు కాలదు, వైండింగ్ షాపు అబ్బాయి పస్తులుంటాడు. బోరు ఎండితే పక్కచేను బోరుకంటే యాభై అడుగులు లోతుకు దించండి. అతను మళ్లీ దించుతాడు, మీరు మళ్లీ దించండి. బత్తాయి చెట్లు మోడువారాక "వెలిగొండ నీళ్లొస్తే అన్నీ సర్దుకుంటాయి" అనండి. 1996లో శంకుస్థాపన అయిన ప్రాజెక్టు అది, సాకుగా మన పిల్లలకూ పనికొస్తుంది.

4. దీపం పథకంలో ఏడాదికి మూడు గ్యాసు బండలు ఉచితం. వచ్చిన బండను టీకొట్టుకు అమ్మేయండి. వంటకు చిల్లకంప ఉండనే ఉంది. పొయ్యి దగ్గర ఇంటావిడ దగ్గుతూ, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ గొట్టం ఊదుతుంటే మీరు అరుగుమీదికి వచ్చి కూర్చోండి. పొగ అక్కడిదాకా రాదు.

5. నల్లమల గూడెంలో సోలార్ దీపం స్తంభం కనబడితే బ్యాటరీ పెట్టె తెరిచి చూడండి. మీ ఇన్వర్టరుకు సరిపోవచ్చు. రాత్రి పురుగూ పుట్రా తిరిగినా గూడెంవాళ్లకు చీకటి అలవాటేనని మనసుకు చెప్పుకోండి, నిద్ర బాగా పడుతుంది.

6. తప్పెప్పుడూ లైన్‌మన్‌దే.

ప్యానెళ్లకు 25 ఏళ్ల వారంటీ అంటూ కాగితం ఇస్తారు. మనం పట్టుబడితే రెండు వేసవులు చాలు. రేపు పొద్దున్నే బకెట్టు, గుడ్డ పట్టుకుని ఎవరైనా మిద్దె ఎక్కుతుంటే పిలిచి కిందికి దింపండి.