తోక తెగిన కార్డు

కొడుక్కి ఇంజినీరింగ్ సీటొచ్చిందని గవర్నరుపేటలో గేమింగ్ లాప్‌టాప్ బేరమాడుతున్నారా? ‘డెస్క్‌టాప్‌లో ఉండే గ్రాఫిక్స్ కార్డే ఇందులోనూ ఉంది బాబాయ్’ అంటాడు షాపు కుర్రాడు. నిజమే, స్టిక్కరు వరకూ! డెస్క్‌టాప్‌లో ఆర్‌టీఎక్స్ 5070 అంటే 12 జీబీ మెమరీ, 250 వాట్లు. లాప్‌టాప్‌లో అదే పేరుగల పెద్దమనిషికి 8 జీబీయే. కరెంటంటారా, 50 నుంచి 100 వాట్ల దాకా లాప్‌టాప్ కంపెనీ దయ; వాట్లు తగ్గితే వేగమూ తగ్గుతుంది. వెనకటికి లాప్‌టాప్ కార్డు నంబరుకు ‘ఎం’ అనే తోకైనా ఉండేది. 2016లో ఆ కార్డుల కంపెనీ ఎన్విడియా అదీ కత్తిరించేసింది. ఇక రోహిణి కార్తెలో బెజవాడ వేడికి ఆ ఉన్న వేగమూ దిగజారుతుంది (ఫ్యాను మోత మాత్రం తగ్గదు!). అందుకే ముందు వాట్ల లెక్క, అంటే టీజీపీ, అడగాలి.

‘టీజీపీ ఎంతబ్బాయ్?’

‘అది జీఎస్టీలోనే కలిపేశాం బాబాయ్!’