నాలుగు మడతల కాగితం

నేపుల్స్ స్టేషన్లో మేం రైలు దిగేసరికి మావాడు గేటు అవతల నిలబడి ఉన్నాడు. వాళ్ల నాన్న మా చిన్నాన్న కొడుకు. నాకన్నా రెండేళ్లు చిన్న. ఒకే బళ్లో చదువుకున్నాం, ఒకే చెరువులో ఈత నేర్చుకున్నాం. నేను ఉద్యోగానికని గుంటూరు వచ్చేశాను. ఆ తమ్ముడు ఊళ్లోనే మిరప వేసుకుంటూ ఉండిపోయాడు.

రోమ్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వచ్చాం నేనూ మా ఆవిడా. అక్కణ్ణించి నేపుల్స్‌కి వేగం బండిలో గంట పైచిలుకు ప్రయాణం. పదేళ్ల క్రితం మావాడు చదువుకని వచ్చింది ఈ ఊరికే. 1224లో పెట్టిన విశ్వవిద్యాలయం. చదువయ్యాక ఇక్కడే ఉద్యోగంలో కుదురుకున్నాడు. "ఒక్క రోజు నాకివ్వండి పెదనాన్నా, ఊరంతా చూపిస్తాను" అని ఫోన్లో అడిగాడు. నిజం చెబితే నాకు రావాలని లేదు. వాడి మీద నాకో బాధ ఉంది. మా ఆవిడ పట్టుబట్టి తీసుకొచ్చింది.

వాడు జేబులోంచి ఓ కాగితం తీశాడు. గీతల నోటుపుస్తకంలోంచి చింపింది. నాలుగు మడతలు పెట్టి ఉంది, మడతల దగ్గర నలిగి చిరుగుబట్టింది. పొద్దున్నించి సాయంత్రం దాకా ఏ గంటకి ఎక్కడుండాలో, ఎక్కడేం తినాలో అందులో రాసుకున్నాడు. "ఎప్పుడో రాసింది. టైములు మళ్లీ సరిచూశాను" అన్నాడు.

మొదట కాఫీ. ఇక్కడ బార్ అంటే కాఫీ కొట్టు. నిలబడే తాగాలి. ముందు ఓ గ్లాసు నీళ్లిస్తారు, నోరు శుభ్రం చేసుకుని అప్పుడు కాఫీ. రెండు గుక్కలుంటుంది, చిక్కగా, కప్పు కూడా చెయ్యి కాలేంత వేడిగా. మావాడు కాగితం చూసి, "వీటిలో చక్కెర వెయ్యొద్దు" అని ముందే చెప్పాడు. కొన్ని కొట్లలో వాళ్లే కలిపేస్తారట. నాకు షుగరు లేదు. చేదు కాఫీ మింగి ఊరుకున్నాను. డబ్బిచ్చేటప్పుడు మూడు కాఫీలు తాగి నాలుగింటికి కట్టాడు. ఆ నాలుగోది తర్వాత వచ్చే, డబ్బులేని ఎవరికో. ఇది ఈ ఊరి పాత అలవాటు. 'సొస్పేసో' అంటారు. అంటే కట్టి ఉంచిన కాఫీ. "మొదటి చలికాలం నేనూ అలాంటివి తాగాను పెద్దమ్మా" అన్నాడు. మా ఆవిడ వాడి వీపు నిమిరింది.

తర్వాత స్ఫొల్యతెల్ల. గవ్వ ఆకారంలో పొరలు పొరలుగా ఉండే తీపి. చూడగానే తాపేశ్వరం మడత కాజా గుర్తొచ్చింది. పాకం మాత్రం ఉండదు. లోపల రికోటా జున్ను, ఉడికించిన రవ్వ, నారింజ తొక్కల ముక్కలు, దాల్చినచెక్క వాసన. పొయ్యిలోంచి తీసినది వేడివేడిగా కొరికితే పొరలు కరకరమని చొక్కా నిండా రాలతాయి. నాకు సగమే ఇచ్చాడు. "కాగితంలో సగమనే రాసుంది" అని నవ్వాడు. ముసలివాణ్ణి అనుకుంటున్నాడేమో అనిపించి కొంచెం చిన్నబుచ్చుకున్నాను.

నేపుల్స్ అన్న పేరుకి అర్థం కొత్త ఊరు. మన కొత్తూరు, కొత్తపల్లి లాంటి పేరే. రెండున్నర వేల ఏళ్ల క్రితం గ్రీకులు కట్టుకుని నేయాపొలిస్ అన్నారు. వాళ్లు వేసిన వీధుల గీతలే ఇంకా ఉన్నాయి. పాతూరిని నిట్టనిలువునా చీల్చినట్టుండే వీధిని స్పక్కనాపొలి అంటారు, నేపుల్స్‌ని చీల్చేది అని. పైన తాళ్ల మీద బట్టలు ఆరుతుంటాయి, కింద స్కూటర్లు మనుషుల్ని రాసుకుంటూ పోతుంటాయి, అరుగుల మీద ముసలమ్మలు కూర్చుని పలకరింపులు అందుకుంటుంటారు. పరాయి ఊళ్లో ఉన్నానన్న బెరుకు నాకు ఆ వీధిలోనే పోయింది.

ఆ పక్కనే భూగర్భ నేపుల్స్ ఉంది. నలభై మీటర్ల లోతున, రాయి తవ్వుకున్న చోట గ్రీకుల నాటి తొట్లు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడుతుంటే జనం వాటిలోనే దాక్కున్నారు. నాకు చూడాలనిపించింది. "అది వద్దనుకున్నాను. వందకి పైగా మెట్లు, మోకాళ్లకి మంచిది కాదు" అన్నాడు. రోజూ ఐదు కిలోమీటర్లు నడిచేవాణ్ణి నేను! అయినా తీసుకెళ్లలేదు. కాగితంలో ఆ పేరు రాసి, దాని మీద రెండు గీతలు కొట్టేసి ఉంది.

సాన్సెవెరో ప్రార్థన మందిరానికి ముందే టికెట్లు తీశాడు. చిన్న మందిరం. మధ్యలో చాప పరిచినట్టు ఓ శిల్పం పడుకుని ఉంది. చనిపోయిన క్రీస్తు, పైన పల్చటి గుడ్డ. ఆ గుడ్డలోంచి నుదుటి నరం, మేకు దిగిన చెయ్యి కనబడతాయి. గుడ్డా దేహమూ ఒకటే పాలరాయి. 1753లో జుసెప్పే సన్మార్తీనో చెక్కాడు, ముప్పై మూడేళ్ల వయసులో. మనిషి చెయ్యి చేసే పని కాదని, ఆ మందిరానికి యజమాని అయిన ప్రభువు రసవిద్యతో గుడ్డనే రాయి చేశాడని జనం చాలా కాలం నమ్మారు. నేను నమ్మినా నమ్మేవాణ్ణే. అంత పల్చన. అక్కడ ఫోటోలు తియ్యనివ్వరు, మంచి పని. చూడ్డం తప్ప చేసేదేం ఉండదు.

మా ఆవిడ నా చెవిలో అంది: "మనం మరిదికి కప్పినట్టే ఉంది కదండీ."

నాకు గొంతు పట్టుకుంది. 2023 ఏప్రిల్ 11. మిట్టమధ్యాహ్నం కల్లంలో మిరపకాయలు తిరగేస్తూ మా తమ్ముడు పడిపోయాడు. వడదెబ్బ. షుగరు, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి, ఎండలోకి వెళ్లొద్దని డాక్టరు చెప్పి ఆరు నెలలైంది. వింటేనా? కొడుకు చదువుకి పొలం బ్యాంకులో పెట్టాడు. "అప్పు తీరేదాకా మిరప వదలనన్నయ్యా. తీరిన మర్నాడు మంచం దిగమన్నా దిగను" అనేవాడు. వాడి ఒంటి మీద తెల్ల పంచె కప్పింది నేను. ఎండలకి ఆగేలా లేదు, కొడుకు వచ్చేదాకా ఉంచలేకపోయాం. తలకొరివీ నేనే పెట్టాను. మావాడు నాలుగో రోజుకి దిగాడు. పెద్దకర్మ అయిన మర్నాడు బ్యాంకుకి వెళ్లి దస్తావేజులు విడిపించి వాళ్లమ్మ చేతిలో పెట్టి విమానం ఎక్కాడు. ఊరంతా ఒకటే మాట. తీర్చే స్తోమత ఉన్నవాడు ముందే తీరిస్తే మనిషి దక్కేవాడు కదా అని.

సాన్ గ్రెగోరియో అర్మేనో వీధిలో బాల యేసు పుట్టిన పాక బొమ్మలు చేస్తారు, ఏడాది పొడుగునా. మన బొమ్మలకొలువులాగే వాటిలో రొట్టెలవాడు, చేపలమ్మి, కసాయి, అందరూ ఉంటారు. నన్ను ఆపింది అవి కాదు. కొట్ల ముందు గుత్తులు గుత్తులుగా వేలాడే ఎర్రటి కొమ్ములు. అచ్చం పండు మిరపకాయల్లా ఉన్నాయి. దిష్టికట! మనం నిమ్మకాయతో మిరపకాయలు కట్టుకున్నట్టు వీళ్లు ఈ కొమ్ము దగ్గరుంచుకుంటారు. ఎవరికి వారు కొనుక్కుంటే పనిచెయ్యదు, ఇంకొకరు కొనివ్వాలి. మావాడు కాగితం చూడకుండానే ఒకటి కొని నా అరచేతిలో పెట్టాడు. ఆ చెయ్యి కాసేపు అలాగే ఉంచాడు.

మధ్యాహ్నం పిజ్జా. ఇక్కడి పిజ్జా చేసే విద్యని 2017లో యునెస్కో మానవాళి వారసత్వంగా గుర్తించింది. ఎందుకో ఆ పొయ్యి ముందు నిలబడితే తెలుస్తుంది. కట్టెల మంట, నాలుగు వందల యాభై డిగ్రీలు దాటిన వేడి. పిండిని చేత్తో గుండ్రంగా తిప్పి, టమాటా పూసి లోపలికి తోస్తే నిమిషం, నిమిషన్నరలో బయటికొస్తుంది. అంచు ఉబ్బి అక్కడక్కడా మాడి, మధ్యన పుల్కాలా మెత్తగా. మావాడు మిరప నూనె అడిగి తెప్పించి నా వైపు జరిపాడు. మిరపా టమాటా రెండూ అమెరికా ఖండం నుంచి ఓడలెక్కి వచ్చినవే. వీళ్ల వంటిల్లు టమాటా లేనిదే నడవదు. మన గుంటూరు సీమ మిరప లేనిదే బతకదు.

ఆ నూనె సీసా చూడగానే నా నోరు ఆగలేదు.

"ఒక్క మాట అడుగుతాను, ఏమనుకోకు. నీ దగ్గర డబ్బుంది కదా. ఆ కట్టేదేదో ఒక్క నెల ముందు కట్టి ఉంటే మీ నాన్న ఆవేళ కల్లంలోకి దిగేవాడేనా? అప్పు అప్పు అంటూనే పోయాడు."

మా ఆవిడ బల్ల కింద నా కాలు తొక్కింది. మావాడు చేతిలోని ఫోర్కు పళ్లెంలో పెట్టాడు. నోట్లోది మింగాడు. "తినండి పెదనాన్నా, చల్లారితే బాగోదు" అన్నాడు. అంతే. నేను చల్లారిన పిజ్జానే తిన్నాను.

రెండు గంటలకి వాడి గదికి తీసుకెళ్లాడు. పాత కట్టడంలో ఐదో అంతస్తు. ఈ ఊళ్లో కొన్ని పాత ఇళ్ల లిఫ్టులకి నాణెం వెయ్యాలి, వేస్తేనే కదులుతుంది. మావాడు జేబులోంచి పది సెంట్ల నాణెం తీసి వేశాడు. గదిలో కిటికీ దగ్గర ఓ సీసా నిండా అవే నాణేలు. రెండు మంచాలు, ఉతికిన దుప్పట్లు. "నాలుగు దాకా పడుకోండి" అన్నాడు. నాకు పగలు నిద్ర అలవాటు లేదని చెప్పబోయి ఆగిపోయాను. భోంచేసి రెండు గంటలు నడుం వాల్చేది ఎవరో నాకు తెలుసు. చక్కెర లేని కాఫీ, సగం తీపి, మోకాళ్లు, కారం నూనె. పొద్దున్నించి నేను ఎవరి రోజులో తిరుగుతున్నానో అప్పుడర్థమైంది. 2023 మే నెలలో మా తమ్ముడూ వాళ్లావిడా ఇటలీ వెళ్దామనుకున్నారు. "మావాడు విమానం టికెట్లు కొన్నాడన్నయ్యా" అని మా తమ్ముడు ఫోన్ చేసి మరీ చెప్పాడు. గోడ వైపు తిరిగి పడుకున్నాను. నిద్ర పట్టలేదు.

సాయంత్రం తొలేదో మెట్రో స్టేషన్ చూపించాడు. 2012లో తెరిచారు. యాభై మీటర్ల లోతు, మెట్లెక్కే పనే లేదు. నీలం మొజాయిక్ గోడల మధ్య ఎస్కలేటర్ మీద దిగుతుంటే పైన ఓ గుండ్రటి కన్నంలోంచి వెలుగు పడుతుంది, సముద్రం అడుక్కి పోతున్నట్టుంటుంది. అక్కణ్ణించి కారులో ఒడ్డుకి.

సముద్రం గోడ మీద కూర్చున్నాం. ఓ పక్క గుడ్డు కోట. దాని పునాదుల్లో వర్జిల్ కవి మాయగుడ్డు దాచాడని, అది పగిలితే ఊరు కూలుతుందని కథ. ఎదురుగా వెసూవియస్. పోంపేయిని పూడ్చిన కొండ, చివరిసారి 1944లో నిప్పు కక్కింది. పొద్దు వాలుతుంటే కొండ రంగు ముందు గులాబీ, తర్వాత వంకాయ. నన్ను కొండకి ఎదురుగా ఉండేలా వాడే జరిపి కూర్చోబెట్టాడు. కాగితం తీసి, వెనక్కి తిప్పి చూసి, మడిచేశాడు.

"ఇంకేముంది?" అన్నాను.

"ఏం లేదు పెదనాన్నా. ఇక్కడ కూర్చోవడమే."

చీకటిపడేదాకా కూర్చున్నాం. లేచేటప్పుడు మా ఆవిడ, "ఆ కాగితం నాకివ్వరా. మీ అమ్మకి చూపిస్తాను, ఎంత బాగా రాసుకున్నావో" అంది. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నా వైపు చూసి, కాగితం నా చేతికే ఇచ్చాడు.

"మీరు ఉంచుకోండి. అమ్మకి మాత్రం చూపించకండి."

రాత్రి అమ్మాయి ఇంటికి తిరిగొచ్చాక దీపం కింద విప్పాను. పైన తేదీ: మే 14, 2023, ఆదివారం. నాన్న, అమ్మ. ముందు వైపంతా మేం తిరిగిన దారే. వెనక వైపు ఒక్కటే ఉంది.

"7.15. సముద్రం గోడ. నాన్నని కొండ కనబడే వైపు కూర్చోబెట్టాలి. అప్పుడు చెప్పాలి: అప్పంతా మార్చి 3నే కట్టేశాను నాన్నా, ఇక కల్లంలోకి దిగొద్దు. అప్పటిదాకా ఇంట్లో ఎవరికీ చెప్పకూడదు."