వార్డు మెంబరు వాక్యమునకు టీకా తాత్పర్యము

మూలము: “నిధుల్నేవు బాబూ; ఒస్తే సేస్తాం, సూద్దుము.”

అవతారిక: శ్రీకాకుళము జిల్లా గార మండలమున పశ్చిమాభిముఖుడై కొలువుదీరిన శ్రీకూర్మనాథుని కోవెల చుట్టుపట్ల పల్లెలలో మాత్రమేగాక, ఆంధ్రదేశమున పంచాయతీ బోర్డు గల ప్రతిచోటను ఏదో యొక యాసలో వినవచ్చెడు వాక్యమిది. వీధిదీపము వెలుగక చీకటిలో కాలు జారిన గృహస్థుడును, ఇంటి ముందరి కాలువ పూడి దోమలకు తన నిద్రను నైవేద్యము పెట్టిన యిల్లాలును, కుళాయి ఎప్పుడు వచ్చునో తెలియక బిందెలు వరుసపెట్టి కూర్చున్న ఆడపడుచులును, తమ యోటుతో గెలిచిన వార్డు సభ్యుని టీకొట్టుకడ నడ్డగించి నిలదీసినప్పుడు ఆతడు పలుకు ప్రత్యుత్తర మింతియే. దీనిని బొంకని కొందరును, వైరాగ్యమని కొందరును, రాజకీయమని తక్కినవారును వ్యాఖ్యానించిరి గాని, ఇది యక్షరాల సత్యమనియు, ఆ సత్యము చాటున ఒక మౌనము దాగియున్నదనియు ఎవ్వరును చూపరైరి. ఆ కొరత తీర్చుటకే యీ టీక.

ప్రతిపదార్థము: నిధుల్ = ధనములు. బహువచనము సార్థకము. పంచాయతీ సొమ్ము ఒక్క రాశి కాదు. ఇంటిపన్ను, కుళాయిపన్ను మొదలైన సొంత రాబడి యొకటి, రాష్ట్రప్రభుత్వ మిచ్చునది యొకటి, కేంద్ర ఆర్థికసంఘము సిఫారసు చేయునది వేరొకటి. ఇంటిపన్నుతోపాటు రూపాయికి 8 పైసల వంతున రాబట్టు గ్రంథాలయ సుంకము పంచాయతీ చేతిమీదుగా నడచిపోవునే గాని పంచాయతీది కాదు; అది జిల్లా గ్రంథాలయ సంస్థది.

నేవు = లేవు. ఈ పదమే వాక్యమునకు ప్రాణము. అభావము నాలుగు విధములని తార్కికులు చెప్పుదురు. ఆ నాలుగును ఈ రెండక్షరములలో ఇమిడియున్నవి.

ఇంకను పుట్టని వస్తువు లేకపోవుట ప్రాగభావము. 2018 ఆగస్టులో పాలకవర్గముల గడువు తీరినది మొదలు 2021 ఫిబ్రవరి యెన్నికలదాక మన పంచాయతీలు ప్రత్యేకాధికారుల యేలుబడిలో నుండగా, ఎన్నికైన సభ లేదను కారణమున కేంద్రనిధులకు కలిగిన యాటంకము దీనికి ఉదాహరణము. పుట్టి నశించుట ప్రధ్వంసాభావము. ఆర్థికసంఘపు సొమ్ము ఖాతాలో పడెనని సర్పంచి సంతసించునంతలో, వీధిదీపములకును నీటి మోటార్లకును వాడిన కరెంటు బకాయిల క్రింద ఆ సొమ్మును ప్రభుత్వము మినహాయించుకొనగా, సర్పంచులు పక్షభేదము మరచి రోడ్డెక్కిన సంగతి పాఠకులకు జ్ఞాపకముండును. దీపము వెలిగిన పుణ్యమునకు కాలువ పూడిక తీయు సొమ్ము కర్పూరమైనది. ఇక ఏ కాలమునందును లేకుండుట అత్యంతాభావము. దానికి వార్డు సభ్యుని నెలజీతమే చాలును. మందరగిరిని వీపున మోసిన కూర్మమునకు అమృతములో వంతు పెట్టినట్లు ఏ పురాణమునను వినము.

ఒక వస్తువు మరియొకటి కాకుండుట అన్యోన్యాభావము. ఘటము పటము కాదు. అట్లే నీళ్ల సొమ్ము దీపపు సొమ్ము కాదు. 15వ ఆర్థికసంఘము 2021 మొదలు అయిదేండ్లకు దేశమందలి గ్రామీణ స్థానికసంస్థలకు 2,36,805 కోట్ల రూపాయలు సిఫారసు చేసెనన్న సంఖ్యను పత్రికలో చదివిన యోటరు, ఆ మహాసముద్రమునుండి తన వీధికి చెంబెడు నీళ్లయినను రాకపోవునా యని తలచుట సహజమే. కాని యందు నూటికి 60 పాళ్లు ముందే ముడివేసి యిచ్చిన సొమ్ము: 30 త్రాగునీటికి, 30 పారిశుద్ధ్యమునకు. తక్కిన 40 పాళ్లు స్వేచ్ఛగా వాడదగినవే యైనను, వానినుండి జీతములు చెల్లింపరాదు. కావున ఆ 40 పాళ్లు చెల్లినపిమ్మట, ఖాతాలో లక్షలు కనబడుచుండగనే వీధిదీపమునకు డబ్బు లేదనుట సంభవించును. కన్నులున్నవాడు చూచి చెప్పుచున్న మాటయే యది.

ఈ ముడి నేటిదని భ్రమింపరాదు. శ్రీకూర్మాలయ స్తంభములపై, 1281 నాటి మాధ్వయతి నరహరితీర్థుల శాసనముతో కూడ, శతాబ్దముల తరబడి చెక్కబడిన శాసనములను చూచినవారికి ఆనాటి ధర్మము తేటపడును. ఒక దాత అఖండదీపమునకనియు, మరియొక దాత నైవేద్యమునకనియు, వేరొకడు పూదండలకనియు మాడలను భండారమున నొప్పగించి, ఆ వినియోగమును ఱాతిపై వ్రాయించి, అది ఆచంద్రార్కము నడవవలయునని కోరెను. దీపపు మాడలతో దండ గ్రుచ్చినచో అపచారము. ఇంతవరకు ఆ దాతయు ఆర్థికసంఘమును ఏకాభిప్రాయులే. భేదమెక్కడ ననగా, ఆ దాత ముందు మాడలు లెక్కపెట్టి పిమ్మట నియమము చెక్కించెను. ఇప్పుడు నియమము ముందు వచ్చును, మాడలు వెనుక వచ్చును. మరియు, ఆచంద్రార్కమన్న చోట ఇప్పుడు అయిదేండ్లు.

బాబూ = ఓ అయ్యా. కోపశమనార్థకమగు సంబోధనము. దీనికి ఏ పద్దునుండియు ఖర్చు వ్రాయనక్కరలేదు.

ఒస్తే = వచ్చినయెడల. ఎవడు పంపవలెనో చెప్పలేదు. చెప్పినచో కలెక్టరాఫీసు మొదలు ఢిల్లీ వరకు పేర్లు చదువవలసివచ్చును.

సేస్తాం = చేయుదుము. పని జరిగినప్పుడు ‘నేను చేసితిని’ అనియు, జరుగనప్పుడు ‘మేము చేయుదుము’ అనియు వచనభేద మేర్పడుట ఈ సంప్రదాయమున సాధువే.

సూద్దుము = చూతము. ఇందు వినువాడును చేరియున్నాడు. ఈ రహస్యము సిద్ధాంతమున వలసినది గనుక క్రిందికి ఉంచుకొందము.

పూర్వపక్షము: ఇది మన దేశపు అవ్యవస్థ, సీమదేశమున నిట్లుండునా యని కొందరందురు. స్థానిక స్వపరిపాలనపై 1882లో తీర్మానము వెలువరించిన రిప్పన్ ప్రభువు పుట్టిన దేశముననే, 2023 సెప్టెంబరులో బర్మింగ్‌హామ్ నగరసభ, చట్టప్రకారము తప్పనిసరియగు సేవలకు దప్ప కొత్తగా కాసు ఖర్చుపెట్టలేనని నోటీసు వెలువరించినది. అక్కడి కౌన్సిలరును ‘నిధుల్నేవు’ అనియే యుండును, ‘బాబూ’ అనియుండడు.

సిద్ధాంతము: పదునొకండవ షెడ్యూలు 29 విషయములను పంచాయతీల కప్పగింపదగినవిగా లెక్కించినది, రాజ్యాంగపు 243-హెచ్ అధికరణమును, దాని ననుసరించిన 1994 నాటి మన చట్టమును, పన్ను విధించు నధికారమునకు ఆధారములైనవి. రాష్ట్రము తన వంతు సకాలమున ఇయ్యకుండుట మహాదోషము, సందేహము లేదు. జెండాపండుగ ఖర్చునకు చిన్న పంచాయతీకి 100 రూపాయలు, పెద్దదానికి 250 అను హద్దు మూడు దశాబ్దములకు పైగా కదలక, 2024లో గాని 10,000కును 25,000కును పెరుగలేదన్న యొక్కమాటతో ఆ యుదారత తెలియగలదు. అయినను, ఇంటిపన్ను సవరింతమన్న ప్రస్తావన సభలో వచ్చినప్పుడు మన సభ్యుడు గాలిపంకా వైపు చూచును. ఏల? పన్ను పెంచవలసిన గడపలన్నియు మేనమామవి, వియ్యంకునివి, పోయినసారి పదియోట్లు వేయించినవానివి. ఇదియే మూలమున చెప్పని మాట. మేడకు మీద మేడ లేపి పూరిల్లు నాటి పన్నే కట్టుచు, పంచాయతీవారేమి చేయుచున్నారని గర్జించు గృహస్థుడు ఆ మౌనమునకు సహకర్త. ‘సూద్దుము’లో వాడు చేరినది ఇందుకే.

తాత్పర్యము: ఓ పౌరుడా, సొమ్ము కొంత రాలేదు, కొంత వచ్చి పోయినది, ఉన్నది నీ పనికి పనికిరానిది, నీ పనికి పనికివచ్చునది నీ కొంగున నున్నది గాని, అడుగుటకు నాకు నోరు రాదు.

2024 ఆగస్టు 23న రాష్ట్రమందలి 13,326 పంచాయతీలలో ఒక్కనాడే గ్రామసభలు జరిగినవి. మరల సభ దండోరా వినబడినప్పుడు, చదువరులారా, ఇంటిపన్ను రసీదు చేతబట్టుకొని పొండు. జమాఖర్చులు పద్దు పద్దుగా చదివింపుడు. వార్డు సభ్యుని టీకొట్టుకడ పట్టుకొనుట మానుడు.