పత్తి చేనులో బెండాకులు

మనిషికి జ్వరమొస్తే మండల కేంద్రానికి పోవాలి. పైరుకు ఆ తిప్పల్లేదు. దాని డాక్టరు మందుల షాపు కౌంటర్‌ వెనకే ఉంటాడు. చేను చూడడు, ఆకు ముట్టడు. ‘ఎన్నెకరాలు?’ అని ఒక్క మాట అడిగి సంచి నింపేస్తాడు. పరీక్షలన్నీ అయిపోయినట్టే.

మొన్న ఓ పత్తి రైతు కొమ్మ తుంచి తెచ్చాడు.

‘‘అన్నా, ఆకులన్నీ బెండాకుల్లెక్క సన్నగ చీలినయ్. ఏం రోగమిది?’’

‘‘వైరస్‌ తమ్మీ. టానిక్‌ కొట్టు.’’

పాపం, ఏ వైరస్‌కూ ఇందులో ప్రమేయం లేదు. వారం కింద మక్కచేలో 2,4-డి కలుపు మందు కొట్టిన తైవాన్‌ పంపును కడగకుండానే పత్తిలోకి దింపారు. 2,4-డి అంటే మొక్కలో ఉండే ఆక్సిన్‌ హార్మోనుకు కృత్రిమ నకలు. అది పడితే వెడల్పాకు కలుపు అడ్డదిడ్డంగా పెరిగి చస్తుంది, గడ్డిజాతి మక్క తట్టుకుంటుంది. పత్తికైతే ట్యాంకు అడుగున మిగిలిన తడి చాలు. ఆ కలుపు మందు అమ్మిందీ ఈ కౌంటరే. పంపు కడుక్కోమనే సలహా మాత్రం ఉచితం గనుక స్టాకులో లేదు.

గూడ, పూత రాలుతుంటే ప్లానోఫిక్స్‌. అదీ ఆక్సిన్‌ నకలే, 2,4-డికి తమ్ముడి వరస. పది లీటర్ల నీళ్లకు 2.5 మిల్లీలీటర్లు చాలంటారు శాస్త్రవేత్తలు. షాపులో కొలత మూతతోనే. ‘‘రెండు మూతలు పొయ్, పూత అతుక్కొని కూసుంటది!’’ మోతాదు, అదును మారితే ఇదే మందు పిందెలను రాలుస్తుంది. ఆపిల్‌ తోటల్లో కాపు పలచన చేయడానికి దీన్నే వాడతారు. ఆ ముక్క మూత మీద రాసి లేదు మరి.

రాలితే రాలనీ, టానిక్కులున్నాయిగా! ఈ బయోస్టిమ్యులెంట్లను 2021లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చారు. ఒకప్పుడు 30 వేల రకాలు అడ్డూఅదుపూ లేకుండా అమ్ముడయ్యేవని, బిగిస్తే 650కి దిగాయని 2025లో కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్‌ సింగ్‌ చౌహానే చెప్పారు. అన్ని వేల టానిక్కులు ఒక్కసారిగా దూరమైతే ఏ పైరు నీరసంతో కళ్లు తిరిగి పడిపోయిందో కనుక్కోవాలి.

బిల్లడిగితే మన డాక్టరుకు కోపం. కచ్చా చీటీ మీద ‘మందులు’ అని ఒక్క మాట, కింద మొత్తం, పత్తి అమ్మేదాకా వడ్డీ. ఎన్ని హార్మోన్లు కొట్టినా చేను పెరుగుతుందన్న నమ్మకం లేదు గానీ, ఆ చీటీ మీది అంకె మాత్రం ఏ మందూ అక్కర్లేకుండానే ఏపుగా పెరుగుతుంది.