ఒక్క రూపాయీ తినని చైర్మన్ గారు

పట్టుబడ్డ ప్రతి పెద్దమనిషీ చెప్పే మాటే, ‘నేనొక్క రూపాయి కూడా తినలేదు’ అని. దాన్ని రాతపూర్వకంగా బోర్డుకు సమర్పించుకున్న ఘనత మాత్రం సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు గారిది. ఖాతాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేవని 2009 జనవరి 7న లేఖ రాసి ఒప్పుకున్నారు. తానుగానీ, ఎండీగా ఉన్న తమ్ముడుగానీ కంపెనీ నుంచి రూపాయి ముట్టలేదనీ అందులోనే రాశారు. నిజమే మరి, లేని డబ్బును ఎవరు మాత్రం ఎలా తింటారు?

ఆ లేఖ లెక్కే చూడండి. 2008 సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలల్లో అసలు నిర్వహణ లాభం 61 కోట్లు. ఇన్వెస్టర్లకు చూపింది 649 కోట్లు. దొంగ బిల్లులు ఏడు వేలకు పైనేనని తర్వాత సీబీఐ తేల్చింది. ప్రాజెక్టు చేసేవాళ్ల కంటపడకుండా వాటిని కంప్యూటర్లో దాచే ఏర్పాటు కూడా ఉండేది. ప్రపంచానికి సాఫ్ట్‌వేర్ అమ్మిన సంస్థ, సొంత పనికి నాసిరకం వాడుతుందా! అన్నిటికన్నా ముచ్చటైంది పన్ను. లేని డిపాజిట్ల మీద రాని వడ్డీని ఆదాయంగా చూపి, దానికి అసలు సొమ్ముతో పన్ను కట్టారు. అబద్ధానికి ఇంత నిజాయితీగా పన్ను కట్టినవాళ్లను నేనెరగను.

కాపలా లేదా అంటే, కావలసినంత. బోర్డులో హార్వర్డ్ ప్రొఫెసరు, మాజీ కేబినెట్ కార్యదర్శి, ఐఎస్‌బీ డీన్. ఖాతాల మీద ఆడిటర్ ప్రైస్ వాటర్‌హౌస్ సంతకం. 2008లోనే కార్పొరేట్ పాలనకు గోల్డెన్ పీకాక్ అవార్డు (గుట్టు బయటపడ్డాక ఆ నెమలి ఎగిరిపోయింది). అదే ఏడాది డిసెంబరు 16న ఇదే బోర్డు, రాజుగారి కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొనడానికి తలూపింది. ఇన్వెస్టర్లు గగ్గోలు పెడితే గంటల్లోనే వెనక్కి తగ్గారు.

పులి మీద స్వారీ చేశాను, దిగితే తినేస్తుందని భయపడ్డాను అని కూడా ఆయన ఆ లేఖలో వాపోయారు. మూడు నెలలకోసారి ఆ పులికి మేత వేసిందెవరు స్వామీ? పైగా అది ముందు తిన్నది రౌతును కాదు. లేఖకు ముందు రోజు 179 రూపాయల దగ్గరున్న షేరు, లేఖ బయటపడ్డ ఒక్కరోజులో 40కి పడింది. మన తెలుగోడి కంపెనీ కదా అని పీఎఫ్ డబ్బు తెచ్చి పెట్టినవాళ్లను తిన్నది.

తినడమంటే గల్లాపెట్టెలో చెయ్యి పెట్టడమే అనుకుంటే రాజుగారి మాట నమ్మొచ్చు. కార్పొరేట్ పెద్దలు గల్లా జోలికి పోనక్కర్లేదు. లాభం ఎక్కువ చేసి చూపితే షేరు ధర పెరుగుతుంది. పెరిగిన షేరును అమ్ముకోవచ్చు, తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకోవచ్చు. వచ్చిన డబ్బు కంపెనీది కాదు, కొన్నవాడిది. చేతికి మరక అంటదు. రాజుగారితో సహా ఐదుగురు ఇలా 1,849 కోట్ల అక్రమ లాభం పొందారని 2014లో స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఉత్తర్వు ఇచ్చింది. 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు రాజుగారికి ఏడేళ్ల జైలు శిక్ష వేసింది. మరుసటి నెలకే పైకోర్టు ఆ శిక్షను నిలిపి బెయిలిచ్చింది.

ప్రమోటర్లు తమ షేర్లు ఎన్ని తాకట్టు పెట్టారో బయటపెట్టాలని సెబీ 2009 జనవరిలోనే నిబంధన తెచ్చింది. షేరు కొనబోయే ముందు ఆ లెక్క చూడండి. చైర్మన్ గారి ఉత్తరం తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు.