కట్టెల పద్యం – ‘ధూమావతి’ వ్యాఖ్యాసహితం

అవతారిక

కాళిదాసుకు కొలచల మల్లినాథసూరి దొరికాడు. భారవికీ, మాఘుడికీ, శ్రీహర్షుడికీ ఆయనే దొరికాడు. కట్టెల పద్యానికి మాత్రం ఇన్నాళ్లూ ఎవరూ దొరకలేదు. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. పొయ్యి ముందు గొంతుక్కూర్చుని ఊదుగొట్టం ఊదేవాళ్లకు వ్యాఖ్యానం రాసే తీరిక ఉండదు. తీరిక ఉన్నవాళ్లు వసారాలో కూర్చుని కాఫీ ఇంకా రాలేదేమని కేకలేస్తుంటారు. నేను రెండో కోవకు చెందినవాణ్ణి కనుక ఈ భారం నా నెత్తిన పడింది. మూలం గీత దాటని మల్లినాథుడి నిగ్రహం నాకు లేదని ముందే మనవి.

వ్యాఖ్య పేరు ‘ధూమావతి’. దశమహావిద్యల్లో ఒకావిడ. పొగ రంగులో ఉంటుంది, చేతిలో చేట ఉంటుంది. వంటింటికి ఇంతకన్నా దగ్గరి దేవత కనిపించలేదు.

పద్యం ఒక కట్టెల అడితి తలుపు మీద బొగ్గుతో రాసి ఉన్నది. కర్త పేరు లేదు. కింద ఎవరిదో అరువు లెక్క కూడా ఉంది గానీ అది ప్రక్షిప్తం.

మూలము

తుమ్మ కట్టె మేలు తుదిదాక నిప్పుండు
వేప పొగకు కంట వెతలు నిండు
మునగ కట్టె వంట ముగియదు తెల్లార్లు
ఎండనట్టి కట్టె యేడ్పు తెచ్చు

ప్రతిపదార్థము

తుమ్మ కట్టె = తుమ్మచెట్టు వలన లభించు వంటచెరకు; మేలు = శ్రేష్ఠము; (ఏలననగా) తుదిదాక = అన్నము వార్చి, పప్పు మెదిపి, పాలు కాగి మీగడ కట్టువరకు; నిప్పు + ఉండు = కణికలు ఆరక నిలుచును. వేప పొగకు = వేపకట్టె విడుచు పొగవలన; కంట = కంటియందు; వెతలు = బాధలు; నిండు = నిండును. మునగ కట్టె వంట = మునగకర్రతో చేయబూనిన వంట; తెల్లార్లు = రాత్రి తెల్లవార్లును; ముగియదు = పూర్తికాదు. ఎండనట్టి కట్టె = పచ్చికట్టె, అది పై మూడింటిలో ఏదైనను సరే; ఏడ్పు = రోదనమును; తెచ్చు = తెచ్చును.

తాత్పర్యము

కట్టెలు చూసి కొనవలెను.

విశేషములు

‘తుమ్మ’ దగ్గరే పేచీ మొదలు. నల్లతుమ్మా, సర్కారుతుమ్మా? నల్లతుమ్మ ఈ నేల చెట్టు. దాని బెరడు తోళ్లు పదును చేయడానికి పోతుంది, కాయలు మేకలకు పోతాయి, జిగురు అమ్ముడుపోతుంది, మాను బండిచక్రాలకూ నాగళ్లకూ పోతుంది. అందరూ పంచుకోగా మిగిలిన కొమ్మారెమ్మా పొయ్యిలోకి వస్తుంది. సర్కారుతుమ్మ సంగతి వేరు. అది అమెరికా ఖండాల చెట్టు. మన దేశంలో దాన్ని మొదట నాటింది 1877 ప్రాంతంలో, కడప వైపు. ఎండిపోయిన నేలల్లో వంటచెరకు దొరుకుతుందని దొరలు తెప్పించారు. దొరికింది. ఎంత దొరికిందంటే చెరువుగట్టు, పోరంబోకు, రైలుకట్ట ఏదీ వదలకుండా అల్లుకుపోయి, కొట్టేకొద్దీ మొదట్లోంచి చిగురిస్తూనే ఉంది.

కాబట్టి కవి చెప్పింది సర్కారుతుమ్మ అయితే ఆయన 1877కు తర్వాతివాడు. నల్లతుమ్మ అయితే నన్నయకు ముందువాడు కావడానికి కూడా అభ్యంతరం లేదు. పద్యం రాసిన బొగ్గు సర్కారుతుమ్మ బొగ్గేనని, నెల్లూరు, ప్రకాశం వైపు బట్టీల్లో కాల్చేది అదేనని, కనుక కవి ఆధునికుడేనని ఒక వాదం. బొగ్గును బట్టి కవికాలం తేల్చడం మొదలుపెడితే ఆ కింది అరువు లెక్కను కూడా సాక్ష్యంగా తీసుకోవాల్సి వస్తుంది. దాన్ని రేపు కోర్టులో పెట్టినా పెడతారు కనుక మనకెందుకని వదిలేస్తున్నాను. గుణంలో రెండు తుమ్మలకూ పెద్ద తేడా లేదు. ముల్లులో మాత్రం పోటీ ఉంది.

‘తుదిదాక నిప్పుండు’ అన్నది పద్యంలోకెల్లా నిక్కమైన మాట. బాగా ఎండిన కట్టె ఏ జాతిదైనా కిలోకు ఇంచుమించు 4,500 కిలోకేలరీల వేడి ఇస్తుంది. కిలో తుమ్మకూ కిలో మునగకూ ఇందులో తేడా స్వల్పం. ఈ మాట అడితిలో అంటే నవ్వుతారు, ఎందుకంటే తేడా తూకంలో లేదు, పరిమాణంలో ఉంది. తుమ్మ దిట్టమైన కర్ర. కిలో తుమ్మ అంటే చేతిలో ఇమిడే రెండు పేళ్లు. కిలో మునగ అంటే అంతకు రెట్టింపుకు పైగా చోటు ఆక్రమించే గుల్లకర్ర. పొయ్యి నోట్లో పట్టేది తక్కువ, భగ్గుమని అయిపోయేది ఎక్కువ, ఎగదోస్తూ కూర్చునే మనిషికి తీరిక సున్న. దిట్టమైన కర్ర మంట తగ్గాక కూడా ఎర్రటి కణికలుగా నిలుస్తుంది. పాలు కాగేది, పప్పు మగ్గేది, ఆ కణికల సెగ మీదే.

ఇక్కడ కవిని ఒక్క ప్రశ్న అడగాలి. చింత ఏమైంది? కోపం వచ్చినవాడి కళ్లు చింతనిప్పులు అవుతాయి గానీ తుమ్మనిప్పులు కావు. ఊళ్లన్నీ కలిసి ఎన్నాళ్ల క్రితమో చింతకు ఓటేశాయి. చింతబొగ్గును ఒకప్పుడు తుపాకిమందులో కూడా కలిపేవారు. అంతటి కట్టెను కవి వదిలేయడానికి కారణం గొడ్డలి పట్టినవాళ్లకు తెలుసు. చింతమొద్దు నార మెలితిరిగి ఉంటుంది. గొడ్డలి దిగుతుంది, బయటికి రాదు. అటు కాలితో తన్ని, ఇటు ఊపి, చివరికి మొద్దుతో సహా పైకెత్తి నేలకేసి బాదాల్సిందే. పైగా కాయలిచ్చే చెట్టును కొట్టడానికి ఎవరికీ చేతులు రావు. కవి చింతను మరిచిపోలేదు, తప్పించుకున్నాడు.

రెండో పాదంలో ‘చేప పొగకు’ అని ఒక పాఠాంతరం వినవస్తోంది. అది గ్రాహ్యం కాదు. ‘వెతలు’తో యతి చెడుతుంది. పైగా చేప కాలేటప్పుడు నీళ్లు ఊరేది కంట్లో కాదు. ‘కంట’ అని ఏకవచనం వేయడంలో కవి నేర్పు చూడాలి. రెండు కళ్లుండగా ఒక్కదానికే వెతలు ఎందుకు? పొయ్యి దగ్గర కూర్చున్నవాళ్లను ఎప్పుడైనా గమనించండి. పొగ చుట్టేసినప్పుడు ఒక కన్ను గట్టిగా మూసి, తల ఒక పక్కకు వాల్చి, రెండో కన్నుతో పాలగిన్నె అంచునే చూస్తుంటారు. రెండు కళ్లూ మూస్తే పాలు పొంగుతాయి.

అయితే వేపకు ఈ పాదంలో అన్యాయం జరిగిందని నా అభిప్రాయం. వేపాకు పొగ కావాలనే వేస్తాం, గొడ్ల చావిట్లో దోమలు పోవడానికి. కట్టె సంగతంటారా, సరిగ్గా ఎండిన వేపకట్టె మర్యాదగానే మండుతుంది. అమ్మవారి చెట్టని కొందరు పొయ్యిలో పెట్టరు, అది వేరే లెక్క. మరి కవికి అంత కష్టం ఎందుకొచ్చింది? నా ఊహ ఇది. కరెంటు తీగలకు అడ్డమొచ్చిందని వీధిలో వేపకొమ్మ కొట్టేశారు. ఉచితంగా వచ్చింది కదా అని ఇంటికి ఈడ్చుకొచ్చి, ఆ సాయంత్రమే ముక్కలు చేసి పొయ్యిలో దూర్చారు. తప్పు చెట్టుది కాదు, తేదీది.

మునగ విషయంలో వ్యాఖ్యాతకు పని తక్కువ. ఎవరినైనా మునగచెట్టు ఎక్కించడమంటే ఏమిటో తెలిసినవాళ్లకు ఆ కొమ్మ ఏపాటిదో వేరే చెప్పక్కర్లేదు. మనిషిని మోయలేనిది మంటను మాత్రం ఏం మోస్తుంది? ‘తెల్లార్లు’ అన్నది అతిశయోక్తి అని ఆలంకారికులు, స్వభావోక్తి అని వంటవాళ్లు. బూరుగు, అవిశె, జిల్లేడు ఈ కోవలోవే.

తేలికకర్రకు చోటే లేదని కాదు. అంటించడానికి చితుకులు, కందికట్టె, ఎండిన కొబ్బరిమట్ట కావాలి. తుమ్మమొద్దుకు నేరుగా అగ్గిపుల్ల గీసి చూపేవాడు పెట్టె ఖాళీ చేసుకుంటాడు. కందికట్టె మంట టీకి చాలు, అన్నానికి చాలదు. పిడక నిదానంగా రాజుతుంది, పాలదాలికి అదే. దేవతల లెక్క మరోలా ఉంటుంది. నవగ్రహ హోమంలో సూర్యుడికి జిల్లేడు, చంద్రుడికి మోదుగ, కుజుడికి చండ్ర, బుధుడికి ఉత్తరేణి, గురుడికి రావి, శుక్రుడికి మేడి, శనికి జమ్మి. వంటచెరకు దృష్టితో చూస్తే ఇందులో బాగుపడింది చండ్ర దక్కిన కుజుడు, జమ్మి దక్కిన శని. ఉత్తరేణి దక్కిన బుధుడు ఎప్పుడూ ఫిర్యాదు చేయలేదు, వండుకునే పని లేదు కనుక.

ఇక నాలుగో పాదం. మొదటి మూడు పాదాలూ చెట్ల గురించి, ఇది నీళ్ల గురించి. నా లెక్కలో పద్యమంతా ఇదే, తక్కిన మూడూ దీనికి ఉపోద్ఘాతం.

కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పు ఉందని ఊహించవచ్చు, వంటింట్లో చూశాం కదా అంటారు తార్కికులు. మరి తిరగేసి, నిప్పు ఉంటే పొగ ఉండి తీరాలా? అక్కర్లేదు, ఎర్రగా కాలిన ఇనపగుండులో నిప్పు ఉంది, పొగ లేదు. నిప్పు పొగను పుట్టించాలంటే ఇంకో షరతు కావాలి. దాని పేరు ఆర్ద్రేంధన సంయోగం, అనగా తడి కట్టె తగలడం. మన తెలుగువాడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో ‘ఉపాధి’కి ఉదాహరణ ఇదే. ఆ పుస్తకం చదివిన ప్రతి విద్యార్థీ ఈ ముక్క వల్లించాడు. వల్లించి, పెరట్లోకి వెళ్లి కట్టెలు ఎండలో వేసినవాళ్లు ఎందరో చరిత్రలో నమోదు కాలేదు.

అప్పుడే కొట్టిన కట్టెలో బరువులో సగం దాకా నీరే. పది కిలోలు కొంటే ఐదు కిలోలు నీళ్లు. కిలో నీటిని ఆవిరి చేయడానికి సుమారు 600 కిలోకేలరీలు పోతాయి, ఐదింటికి 3,000. మిగతా ఐదు కిలోల కర్ర ఇచ్చేది 22,000 పైచిలుకు. కాగితం మీద నష్టం ఏడో వంతుకు తక్కువే. ఈ మాత్రానికేనా ఇంత ఏడుపు అని పూర్వపక్షం.

సమాధానం పొయ్యి దగ్గర ఉంది. పచ్చికట్టె ఒక కొన మంటలో ఉంటే బయటి కొన నుంచి చుయ్‌మంటూ తెల్లటి నురగ వస్తుంది, వేలు పెడితే చుర్రుమంటుంది. లోపల నీళ్లు మరుగుతున్నంతసేపూ ఆ కట్టె అంతకు మించి వేడెక్కదు. కర్ర కాలడమంటే ముందు దానిలోంచి వాయువులు బయటపడి, అవి మండడం. ఆ వాయువులు మండాల్సిన వేడి నీళ్లు తాగేస్తాయి. వాయువులు మండకుండానే గిన్నె పక్కనుంచి జారుకుని, తారుతో సహా కంట్లోకీ, కప్పు మీదికీ, గిన్నె అడుగుకీ చేరతాయి. పొగ అంటే కాలకుండా పారిపోయిన కట్టె. ఏడో వంతు ఆవిరైన మాట నిజమే. అసలు దొంగతనం ఆ తర్వాత జరుగుతుంది.

తూకం మాట కూడా ఇక్కడే. గుల్లకర్రను మోపుల లెక్కన కొంటే మోసం, తూకానికి కొంటే న్యాయం. పచ్చికట్టెకు ఇది తలకిందులు, తూకానికి కొన్నవాడే నీళ్లకు డబ్బు కడతాడు. ఏది ఎలా అమ్మాలో అడితివాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు.

‘ఏడ్పు తెచ్చు’. ఎవరికి? కవి చెప్పలేదు. బేరమాడి పచ్చికట్టె చవగ్గా తెచ్చింది ఒకరు, దాని ముందు కూర్చునేది ఇంకొకరు. ఈ ఒక్క పాదాన్ని బట్టి కర్త స్త్రీ అని నేను నమ్ముతున్నాను. మగకవి అయితే ‘కాఫి జాగు’ అనేవాడు.

ఈ నాలుగో పాదానికి ఒక అపవాదం ఉంది, సరుగుడు. మద్రాసు ప్రెసిడెన్సీలో రైలింజన్లకు కట్టెలు కావాల్సివచ్చి తీరం వెంబడి ఇసుకలో సరుగుడు తోటలు వేశారు. నిటారుగా పెరుగుతుంది, చీల్చే పని తక్కువ, ప్రపంచంలో మేలైన వంటచెరకుల్లో ఒకటని పేరు. పచ్చిగా ఉన్నా మండుతుంది, అదే దాని దొడ్డతనం. నాలుగో పాదం దానికి పూర్తిగా వర్తించదు. ఇంతటిదాన్ని కవి స్మరించనే లేదు. కాబట్టి కవయిత్రి మెట్టప్రాంతం ఆవిడని కూడా తేలింది.

1999లో దీపం పథకం, 2016లో ఉజ్జ్వల వచ్చి గ్యాసు ఇంటింటికీ చేరాక ఈ పద్యం ఎవరికి అని అడగవచ్చు. కట్టెలపొయ్యి వంటింట్లోంచి పెరట్లోకి మారింది గానీ పోలేదు. స్నానాల నీళ్లు, అరిసెల పాకం, పెళ్లివంటల గుండిగలు దాని మీదే. సిలిండరు ధర పెరిగిన నెలలో పప్పు కూడా. హైవే మీద ‘కట్టెలపొయ్యి భోజనం’ అని బోర్డు పెట్టి పొగవాసనకు అదనంగా వసూలు చేస్తున్నారు. ముప్పై ఏళ్లు ఆ పొగలో వండిన మనిషిని అక్కడికి తీసుకెళ్తే ఏమంటుందో విని రాయాల్సిన పాదం ఒకటి ఈ పద్యానికి బాకీ ఉంది.

ప్రయోగవిధి

మాఘ ఫాల్గుణాల్లో కొట్టి, అప్పుడే చీల్చాలి. బెరడుతో ఉన్న గుండ్రటి మొద్దులోంచి నీరు సులువుగా పోదు, చీలిన ముఖం నుంచీ కొనల నుంచీ పోతుంది. గాలి ఆడేలా అడ్డదిడ్డంగా పేర్చి, రోహిణికార్తె ఎండలు దాటించి, మృగశిర చినుకు పడేలోగా పంచలోకి చేర్చాలి. కొనుక్కునేవాళ్లు మాత్రం అడితిలోనే చూసుకోవాలి. కొనల్లో నడిమి నుంచి అంచుకు పగుళ్లు విచ్చి ఉండాలి, బెరడు గోటితో ఊడిరావాలి, రెండు పేళ్లు తాటిస్తే ఖంగుమనాలి. దబ్బుమంటే నీళ్లు. అడితివాడు ఖంగుమనేవే కొట్టి చూపిస్తాడు, అవి పైవరసవి. అడుగు వరసలోంచి ఒకటి లాగి కొట్టమంటే, పేర్పు కూలిపోతుందండీ అంటాడు. కూలనివ్వండి.